అత్త మొక్కిన పుంజు

మొన్న ఆదివారం పక్కింటి కోడలు పిల్ల గిన్నె నిండా నాటుకోడి కూర తెచ్చి నా చేతిలో పెట్టింది. మంచి పిల్ల, ఏం వండినా ఇంత మాకు పెట్టందే తినదు. నేను గిన్నె అందుకుని, బాగుండావా తల్లీ అని కూడా అడక్కుండా, "కోసినారా, చచ్చిందా?" అన్నా. ఆ పిల్ల మొగం మాడిపోయింది. నా మనవరాలు లోపల్నుంచి ఉరికొచ్చి, మా అవ్వ అందరినీ ఇట్లే అడుగుతుంది, నువ్వేం మనసులో పెట్టుకోవద్దక్కా అని సర్దిచెప్పి పంపించింది. ఆ తర్వాత నాకు చీవాట్లు. పడినా. ఈ వయసులో మనవరాళ్ళ చేత చీవాట్లు తినడం నాకేం కొత్త కాదు.

అయితే ఆ మాట ఊరికే నోరు జారింది కాదు. అది మా అమ్మ మాట. ఒక ఎండాకాలమంతా గడపలో నిలబడి ఆమె వచ్చినోళ్ళనల్లా అదే అడిగింది. అడిగి, వీధి వీధినంతా దూరం చేసుకునింది. ఆ సంగతి మా ఇంట్లో ఈ కాలపు పిల్లలకు చెప్తే, కోడి కోసం ఇంత రభసా అని నవ్వుతారు. కోడి కోసం కాదు నాయనా అది, పిల్లోడి కోసం.

మా ఊరు గిద్దలూరికీ మార్కాపురానికీ నడుమ. తలెత్తితే నల్లమల కొండలు కనపడేవి. అప్పుడు మాది కర్నూలు జిల్లా. కొత్తగా రాష్ట్రమొచ్చి కర్నూలే రాజధాని అయిందని మగోళ్ళు అరుగుల మీద కూర్చుని తెగ మురిసిపోయేవాళ్ళు. రాజధాని మన జిల్లాకొచ్చె, ఇంక బాయిల్లోకి నీళ్ళొక్కటే రావాల అని మా నాయన ఎగతాళి చేసేవాడు. బోద గడ్డి కప్పిన ఇండ్లు, పలకరాయి పరిచిన నేల. తినేది జొన్న సంగటి, కొర్రన్నం, లేకుంటే సజ్జరొట్టెలోకి ఎర్రకారం. మేకలూ ఎద్దులూ మగోళ్ళవి. కోళ్ళు మాత్రం ఆడోళ్ళవి. గుడ్డు దాచుకునేదీ, పొదగేసేదీ, చుట్టమొస్తే ఏ కోడిని కొయ్యాల్నో చెప్పేదీ వాళ్ళే. వాటి మీద మగోడికి మాట లేదు.

మా వీధిలో అందరికంటే ఎక్కువ కోళ్ళుండేది మా అత్తకు. మా నాయనకు అక్క. మా ఇంటికెదురిల్లే ఆమెది. మామ గొర్రెల్ని తోలుకుని కొండలోకి పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. కూతుర్ని అర్ధవీడు పక్కన ఒక పల్లెకిచ్చింది. ఇంట్లో ఒక్కతే. పొద్దున్నే వాకిట్లో నిలబడి బాబాబా అని పిలిచిందంటే గోడల మీద నుంచీ, కసువు వామి చాటు నుంచీ కోళ్ళన్నీ పరిగెత్తుకొచ్చేవి. నోరు గట్టిది అత్తది. ఎవరినైనా తిట్టేది. తిట్టినోళ్ళ ఇంటికే సాయంత్రం గుడ్లు తీసుకుని పోయేది.

తెగులొచ్చేదానికి ముందటేడు మా ఇంట్లో అమ్మవారు పోసింది. ఇప్పటి పిల్లలకు మశూచి అంటేనే తెలీదు. ముందు మా తమ్ముడికి పోసింది, ఆ వెనకనే అమ్మకు. అమ్మ ఒక గదిలో, వాడొక గదిలో వేపమండల మీద పడుకుని ఉంటే, నన్ను మా పెద్దనాయన ఇంటికి పంపించినారు. ఇద్దరికీ చాకిరీ చేసింది మా అత్తే. వాడు కండ్లు తెరవడం మానేసిన పొద్దు అత్త తడిగుడ్డలతో ఒక్కతే ఊరిబయట అంకాలమ్మ రాయి కాడికి పోయి మొక్కుకుని వచ్చింది. ఏమని మొక్కినావక్కా అని నాయన అడిగితే, పుంజును ఇస్తానని చెప్పినానని అనింది. మర్నాటికి వాడు నీళ్ళు తాగినాడు. అమ్మ లేచి నడిచేనాటికి వాడు గోడ పట్టుకుని కూర్చున్నాడు. మొగమంతా గుంతలు పడినా పిల్లోడు దక్కినాడు.

అత్త తన కోళ్ళలో నుంచి ఒక పుంజుపిల్లను ఏరి, కాలికి పసుపుదారం కట్టి మా ఇంటికి తెచ్చి వదిలింది. మొక్కిన పుంజు పిల్లోడి ఇంట్లోనే పెరగాలంట. జాతరనాడు పిల్లోడే చంకలో పెట్టుకుని పోయి తల్లికి ఇయ్యాలంట. అయితే జాతర రాకముందే మా తాత పోయినాడు. ఇంటి పెద్ద పోతే ఏడు తిరిగేదాకా మొక్కులు తీర్చగూడదు. దాంతో పుంజుకు ఒక ఏడు ఆయుష్షు పెరిగింది. ఎర్రటి ఒళ్ళు, నల్లతోక, రెండు చేతులతో ఎత్తుకుంటే గానీ మోయలేనంత బరువు తేలింది. మా తమ్ముడు తినే సజ్జరొట్టెలో సగం దానికే. వాడు బడికి పోతే అది కూడా సందు మొగదాకా పోయి తిరిగొచ్చేది.

వాడికి అదొక ఆట. అమ్మకు మాత్రం ఆ పుంజంటే భయం. దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు పిల్లోడే కనపడేవాడు. కుక్క తరిమినా, పిల్లి దగ్గరికొచ్చినా చేతిలో పని వదిలేసి ఉరికేది. తల్లికి మొక్కిన సొమ్ము తల్లికి చేరకముందే పోతే, దానికి బదులు ఆమె ఏం తీసుకుంటుందో మా ఊళ్ళో ఆడోళ్ళు నోరు తెరిచి చెప్పరు. అందరికీ తెలుసు.

ఎండలు ముదిరినాక అత్త కూతుర్ని చూసేదానికి అర్ధవీడు పక్కకు పోయింది. వచ్చేటప్పుడు వియ్యపురాలు ఒక మంచి పెట్టను గంపలో పెట్టి ఇచ్చింది. ఎందుకిచ్చిందో అప్పుడెవరూ అడగలే. వాళ్ళ ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలిందంట. తెగులొచ్చిందంటే బాగున్న కోళ్ళను నాలుగూర్ల చుట్టాలకు పంచిపెట్టి, తెగులు పోయినాక పిల్లల్ని తిరిగి తెచ్చుకోవడం మా పక్క అలవాటు. ఒక్కటైనా ఎక్కడో ఒకచోట బతికి ఉంటుందని ఆశ. అందరూ చేసేదే, మంచికని చేసేదే. పైకి బాగున్న కోడి లోపల ఏం మోసుకొస్తాదో ఎవరికి తెలుసు.

ఆ పెట్టే మొదట ముడుచుకుని కూర్చునింది. రెక్కలు వేలాడేసి, మెడ సాగదీసి నోరు తెరిచి గాలి పీలుస్తా ఉంటే గొంతులో నుంచి కొక్కు కొక్కుమని చప్పుడు. ఆకుపచ్చగా, సున్నం కలిపినట్టు రెట్ట. అది పోయిన కొద్దిరోజులకే అత్త కోళ్ళు వరసగా మేత మానేసినాయి. కొన్నిటికి మెడ వెనక్కి మెలితిరిగి, గిరగిరా తిరిగి పడిపోయేవి. కాళ్ళు చచ్చుబడినవి రెక్కలతో పాకేవి. పొద్దున బాగున్నది పొద్దుగూకేసరికి లేదు.

ఇక వీధిలో కత్తి ఆగలే. తెగులు తగిలిన కోడిని అది చచ్చేలోపలే కోసెయ్యాల, లేకుంటే దండగ. ఒక్క ఇంటోళ్ళు ఎన్నని తింటారు? అందుకని వీధంతా పంచేవాళ్ళు. ఇయ్యాళ నీ ఇంటి నుంచి నాకు, రేపు నా ఇంటి నుంచి నీకు. ఈకలు వీధిలోనే, కడిగిన నీళ్ళు వీధిలోనే. పేగులు కుక్కలు నోట కరుచుకుని ఇల్లిల్లూ తిరిగేవి. పిల్లలకు మాత్రం పండగ. ఏడాదికి రెండు మూడు సార్లు తినే కూర, రోజూ ఏదో ఒక ఇంట్లో ఉడుకుతా ఉంటే ఎవరికి చేదు? ధనియాలూ వెల్లుల్లీ ఎండుకొబ్బరీ నూరిన వాసన సందు మొదట్లోకే కొట్టేది.

అదే సమయానికి మా నాయన ఎద్దుకు మెడమీద కాడి పుండైతే గిద్దలూరు పశువుల ఆస్పత్రికి తోలకపోయినాడు. పుండుకు మందు పూయించుకుంటా మాటల్లో ఈ తెగులు సంగతి డాక్టరుకు చెప్పినాడంట. ఇంటికొచ్చి సంగటి తింటా ఆ డాక్టరు చెప్పింది నవ్వుకుంటా చెప్పినాడు. దీనికి సూది ఉందంట. అది తెగులు రాకముందే వెయ్యాలంట, ఊళ్ళోకొచ్చినాక వేస్తే లాభం లేదంట. ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటే, చచ్చిన కోడి మాంసం గానీ ఈక గానీ ఇంట్లోకి రానీయకూడదంట. కోళ్ళు చచ్చే ఇంటికి పోయొస్తే కాళ్ళూ చేతులూ కడుక్కోవాలంట. చచ్చినదాన్ని లోతుగా పూడ్చాలంట. కూర కూడా పూడ్చమంటాడేమో అని నాయన నవ్వినాడు. అమ్మ నవ్వలే. మళ్ళీ మొదటి నుంచి చెప్పమనింది. రెండోసారి చెప్పేటప్పుడు నాయన కూడా నవ్వలే.

ఆ పొద్దే అమ్మ పుంజును గింజలు పెట్టే లోపలి గదిలోకి మార్చింది. గది గడపకు అడ్డంగా సున్నం చల్లింది. బయట ఒక తొట్టిలో నీళ్ళు పెట్టింది. స్నానం చేసి, వేరే గుడ్డ కట్టుకుని ఆమె ఒక్కతే లోపలికి పోయేది. దానికి జొన్నలు మా గాదెలోవే, నీళ్ళు మా కుండలోవే. నాయన చేలో నుంచి వచ్చినా కాళ్ళు కడగందే వాకిట్లోకి రానిచ్చేది కాదు. ఇంట్లో నేనేమన్నా కోడినా అని ఆయన సణుక్కుంటానే కడుక్కునేవాడు. మా తమ్ముడు ఆ గది తలుపు కాడ కూర్చుని సందులో నుంచి పుంజుతో మాట్లాడేవాడు. తలుపు ముట్టుకుంటే మాత్రం వీపు చిట్లేది.

ఆ మర్నాడు అత్త కూర తెచ్చింది. మట్టిచట్టిలో ఇంకా సలసలమంటా ఉంది. వాసనకు నా నోట్లో నీళ్ళూరినాయి, దాచుకునేదేముంది. అమ్మ చేతిలో చీపురు అట్లే పట్టుకుని గడపకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"కోసినావా వదినా, చచ్చిందా?"

"చచ్చేదాన్నే కోసినా. ఏం మే, ఎప్పుడూ తిననిదాని మాదిరి అడుగుతాండావు?"

అమ్మ చీపురు కింద పడేసి రెండు చేతులూ జోడించింది. ఈ ఒక్కసారికి వద్దు వదినా, లోపలికి రావద్దు, లోపల పుంజుంది అని మెల్లిగా చెప్పింది. అత్తకు ముందు అర్థం కాలే. అర్థమైనాక ఆమె మొగం చూడాల. కొట్టినా అంత బాధపడేది కాదు.

"మీ ఇద్దరి పుండ్లూ ఈ చేతులతోనే తుడిచినా. ఆ పొద్దు నేను గడప బయట నిలబడినానా?"

అమ్మ కండ్లలో నుంచి నీళ్ళు కారిపోతాండాయి, గడపలో నుంచి మాత్రం పక్కకు జరగలే. అత్త చట్టి తీసుకుని వెనక్కి తిరిగి పోయింది. తిట్టే మనిషి తిట్టకుండా పోయిందంటే అది తిట్టుకంటే ఎక్కువ. ఆ పొద్దు నుంచి ఎదురింటి తలుపు మా పక్కకు తెరుచుకోలే.

వీధిలో మిగతా ఇండ్లకూ అమ్మ అదే మాట చెప్పింది. ఏం, మేము విషం పెడుతున్నామా అని ఒకామె, అమ్మవారు పోసి లేచినాక మనిషికి పొగరెక్కింది అని ఇంకొకామె. బాయి కాడ ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. మా వాకిట్లో తిరిగే పెట్టలకు కూడా తెగులు తగిలి పోయినాయి. వాటిని ఎవరికీ ఇయ్యలేదు, మేమూ తినలేదు. నాయన చేను గట్టున లోతుగా గుంత తీసి, పైన సున్నం పోసి పూడ్చినాడు. తినే సొమ్ము మట్టిపాలు చేసినారని ఊరంతా చెప్పుకున్నారు. నాకూ కడుపు మండింది. ఎదురింట్లో మసాలా నూరుతాంటే మేము చింతపండు పచ్చిపులుసు పోసుకుని కొర్రన్నం తిన్నాము.

నేను మింగి ఊరుకున్నా గానీ మా తమ్ముడు ఊరుకోలే. వాడు అత్త చేతి అన్నం తిని పెరిగినోడు. ఒక మధ్యాన్నం అమ్మ బాయికి పోయినప్పుడు దొడ్డిదోవన ఎదురింటికి పోయినాడు. అత్త మా మీది కోపం వాడి మీద చూపించే మనిషి కాదు. కడుపు నిండా పెట్టింది. అంతటితో పోయేదే. వాడు అత్త దొడ్లో పడున్న ఒక పొడుగు తోకఈకను, నీలంగా నిగనిగలాడేదాన్ని, నిక్కరు జేబులో పెట్టుకుని వచ్చి, గొళ్ళెం తీసి, దాన్ని మా పుంజుకు చూపిచ్చేదానికి లోపలికి పోయినాడు. అమ్మ నీళ్ళబిందెతో వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వీడు పుంజు ముందర కూర్చుని దాని మెడ మీద ఆ ఈకతో నిమురుతాండాడు.

అమ్మ చేతిలో బిందె జారిపోయింది. వాడిని కొడుతుందని నేను అడ్డం పోయినా. కొట్టలే. వాడిని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చి, నిక్కరూ ఈకా పొయ్యిలో పెట్టి, వేన్నీళ్ళతో కుంకుడుకాయతో వాడి ఒళ్ళు ఎర్రగా అయ్యేదాకా రుద్దింది. వాడు గుక్కపట్టి ఏడుస్తాంటే ఆమె కూడా ఏడుస్తానే రుద్దింది. ఆ తర్వాత గది ముందర కూర్చునింది. లేచిందే లేదు. వంట నేను చేసినా, ఉప్పెక్కువైనా ఎవరూ ఏమీ అనలే. ఆమె కండ్లలో వత్తులేసుకుని పుంజునే చూస్తాంది. అది తుమ్మితే లేచేది. మెడ తిప్పితే లేచేది. రెట్టను పుల్లతో కదిలించి చూసేది. చేలో ఎండకు తిరిగి వాడికి ఒళ్ళు కొంచెం వెచ్చబడితే, వాడి నుదురు మీద ఒక చెయ్యి, తలుపు మీద ఒక చెయ్యి. పిల్లోడికి ఎండ తగిలిందిలే అని నాయన ఎంత చెప్పినా వినలే.

అప్పటికి ఊళ్ళో పొద్దున పూట చప్పుడు లేకుండా పోయింది. కోడి కూతకు లేచే ఊరు కూత లేక తెల్లారినాక గానీ లేచేది కాదు. ఒక్క మా పుంజు కూతే గది లోపల నుంచి వినపడేది. ఒక తెల్లారుజామున అది కూడా కూయలే. నేను మెలకువగానే ఉండి విన్నా. అమ్మ లేచి కూర్చుని నాయనను తట్టి లేపింది. నాయన పోయి తలుపు తీసినాడు. పుంజు మూలలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, మెడ సాగదీసి, ఏమనుకునిందో ఏమో, కూసింది. నాయన అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టినాడు. అమ్మ నవ్వలేకపోయింది, గోడకు తల ఆనించి అట్లే ఉండిపోయింది.

ఆ కూతే ఇంకో తంటా తెచ్చింది. తెగులును ఊరి పొలిమేర దాటించాలని పెద్దమనుషులు అనుకున్నారు. సాగనంపేటప్పుడు ముందర బలికి ఒక పుంజు ఉండాల. ఊరంతా వెతికితే బాగున్న పుంజు మాదొక్కటే. వచ్చి అడిగినారు. ఒకరికి మొక్కినదాన్ని ఇంకో పనికి ఇయ్యకూడదని అమ్మ లేదనింది. అప్పుడొకాయన, తల్లి సొమ్మును గదిలో దాచిపెట్టుకుంటే ఊరి కోళ్ళు చావక ఏం చేస్తాయి అన్నాడు. ఆ మాట విని అందరూ మా అత్త పక్కకు చూసినారు, మొక్కిన మనిషి ఆమె గదా. అత్త తన అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తాంది. తలెత్తలేదు. చివరికి గుమ్మడికాయతో సరిపెట్టుకుని పోయినారు. అంకాలమ్మకు కోపమొస్తే అది మా ఇంటి మీదికే వస్తుందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

తొలకరి పడినాక తెగులు తగ్గింది. తగ్గేదేముంది, చచ్చేదానికి కోళ్ళు లేవు. అత్త దొడ్లో ఒక్కటి కూడా మిగల్లేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, అలవాటు చొప్పున చేతిలో గింజలతో నిలబడి, మళ్ళీ లోపలికి పోయేది. మా తాత ఏడు తిరిగింది. సంవత్సరీకం పెట్టినాక అమ్మ ఇంక ఒక్క పూట కూడా ఆగనంది. జాతర దాకా ఉంచితే ఈలోపల ఏమైతాదో అని ఆమె భయం. పెద్దోళ్ళను అడిగితే సరే, ఇచ్చెయ్యండి అన్నారు.

మేము పోయే పొద్దున వీధిలో ఆడోళ్ళు మా వాకిట్లోకి వచ్చినారు. బాయి కాడ బిందెలు జరుపుకున్నోళ్ళే. పుంజును కొయ్యొద్దని అడిగేదానికి వచ్చినారు. చుట్టుపక్కల ఊర్లలో కూడా కోళ్ళు లేవు, కొండకింద పల్లెల నుంచి నాలుగు పెట్టపిల్లల్ని తెచ్చుకుంటున్నాము, వాటికి పుంజేది? తెగులులో నిలబడిన పుంజు ఇదొక్కటే, దీని సంతతి ఉంటే మళ్ళీ మా దొడ్లు నిండుతాయి, దీనికి బదులు మేమందరం కలిసి తల్లికి చీర పెడతాము అని బతిమాలినారు. వాళ్ళడిగింది న్యాయమే. అమ్మకు కూడా తెలుసు.

"గదిలో పెట్టి కాచింది పుంజును కాదమ్మా, నా బిడ్డను" అనింది అమ్మ. అయినా ఎవరూ ఇంటికి పోలే. మా వెనకాలే నడిచినారు.

అంకాలమ్మ రాయి ఊరి బయట వేపచెట్ల కింద ఉండేది. మా తమ్ముడు పుంజును చంకలో పెట్టుకుని నడిచినాడు. బరువుకు పక్కకు ఒరిగిపోతా, ఎవరు తీసుకుంటామన్నా ఇయ్యలేదు. అది కోసేదానికని వాడికి తెలుసు. ఏడవలేదు గానీ దాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాడు. నాయన కత్తి రాయి పక్కన పెట్టినాడు. అమ్మ పసుపునీళ్ళు పుంజు నెత్తిన చల్లింది. అది తల విదిలిస్తే, తల్లి ఒప్పుకున్నట్టు లెక్క. అప్పుడు అత్త వచ్చింది.

ఆమెను ఎవరూ పిలవలే. పిలిచే మొగం మాకు లేదు. తలకు నూనె లేదు, పాతచీర. మనుషుల్ని తప్పించుకుని నేరుగా వచ్చి రాయికీ పుంజుకీ నడుమ నిలబడింది. కడుపులో ఇన్నాళ్ళూ పెట్టుకున్నదంతా ఇప్పుడు తల్లి ముందర కక్కుతుందని అనుకున్నా. అత్త మా వైపు చూడలే. రాయినే చూస్తా, అందరికీ వినపడేటట్టు చెప్పింది.

"ఆ పొద్దు నేను ఒక్క పుంజును మొక్కలే. ఈ పిల్లోణ్ణి వదిలిపెట్టు తల్లీ, నా దొడ్లో తిరిగే కోళ్ళన్నీ నీవే అని మొక్కినా. ఇంటికి పోయినాక చెయ్యి రాలే. అందుకే ఒక్క పుంజని వీళ్ళకు చెప్పి మభ్యపెట్టినా. ఆ యమ్మ ఊరుకుంటుందా, తనవి తాను వచ్చి తీసుకుపోయింది. నా మొక్కు తీరిపోయింది. నా దొడ్డి దాటిపోయిన ఈ పుంజుకూ దానికీ సంబంధం లేదు."

ముందుగా తేరుకున్నది మా వీధి చివరామె. అయితే మా కోళ్ళు కూడా నీ వల్లనే పోయినాయన్నమాట అనింది. అత్త ఆమె పక్కకు తిరిగి, అవును, నా వల్లనే అనింది.

తెగులు ఏ గంపలో వచ్చిందో అమ్మకు తెలుసు, అత్తకూ తెలుసు. ఆ గంప సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలే. అమ్మ పసుపునీళ్ళ చెంబు కింద పెట్టి, అందరి ముందరా అత్త కాళ్ళు పట్టుకుని భోరుమని ఏడ్చింది. అత్త వంగి లేపలేదు. అట్లే నిలబడి అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టింది. నాయన కత్తి తీసి పంచెలో చుట్టుకున్నాడు. మా తమ్ముడు పుంజును దించితే అది నేల గీరుకుని పురుగుల్ని ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ పుంజు సంతతి మా వీధిలో ఇంటింటా నిండింది. వానలు తగ్గినాక గిద్దలూరు డాక్టరు మంచుగడ్డ వేసిన ఫ్లాస్కులో మందు పెట్టుకుని వచ్చి, బాగున్న కోళ్ళకు రెక్క కింద సూదులేసినాడు. సూదేస్తే గుడ్డు పెట్టవని చానామంది వెనకాడినారు. గంపతో మొదట పోయింది మా అత్తే, ఆ వెనక మా అమ్మ. అయినా ఊళ్ళో కొందరు అత్తను క్షమించలే. ఎవరింట్లో కోడి ముడుచుకున్నా, మొక్కి ఎగ్గొట్టిన మనిషి ఎదురొచ్చింది అని గొణిగేవాళ్ళు. అత్త విని, వినపడనట్టే పోయేది. వాళ్ళు అన్నప్పుడల్లా మా అమ్మ ఆ ఇంటి మీదికి పోయి కొట్లాడి వచ్చేది.

ఆ రాయి ముందర అత్త చెప్పింది నిజమో, మా కోసం తల్లి ముందరే అబద్ధమాడిందో నాకిప్పటికీ తెలీదు. మశూచి పొద్దు ఆమె ఒక్కతే పోయింది, వినినోళ్ళు లేరు. నిజమే అయ్యుంటే, చెయ్యి రాక దాచుకున్న మనిషి ఊరంతటి ముందరా సిగ్గు విడిచి చెప్పుకునింది. అబద్ధమైతే, దేవుడంటే హడలిపోయే మనిషి అంత ధైర్యం ఎట్లా చేసిందో ఊహించుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తాది. మా అమ్మ మాత్రం ఒక్కనాడూ అడగలే. నువ్వు కూడా అడగొద్దు అని నాకు గట్టిగా చెప్పింది.

మా తమ్ముడు అడిగినాడు. వాడికప్పటికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టినారు. అత్త మంచం పట్టి ఉంటే వాడే ఎత్తి కూర్చోబెట్టి అన్నం తినిపించేవాడు. ఒకనాడు ముద్ద నోటి కాడ పెట్టి, ఇప్పుడైనా నిజం చెప్పత్తా, ఆ పొద్దు ఏమని మొక్కినావు అన్నాడు. నేను పక్కనే ఉన్నా. అత్త ఆ ముద్ద నమిలి, మింగి, నీళ్ళు తాగింది. గుంతలు పడిన వాడి మొగాన్ని కాసేపు చూసింది.

"నీకెందుకురా అదంతా? బతికినావు గదా" అనింది.